కథ రాసే అమ్మాయికి ఏజెంట్ కావాలా?

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. రెండు సినిమా స్క్రిప్టులు రాసి పెట్టుకుంది. హాలీవుడ్‌లోలాగా రైటర్‌కు ఏజెంట్ ఉంటేనే అవకాశాలు వస్తాయంటోంది. ఫోన్‌లో పరిచయమైన ఒకాయన 40,000 రూపాయలు ఇస్తే కథను పెద్ద హీరో దాకా తీసుకెళ్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. నిజమైన ఏజెంట్ రైటర్ దగ్గర ముందుగా డబ్బు తీసుకోడు. కథ అమ్ముడై రైటర్ చేతికి డబ్బు వచ్చాక అందులో వాటా తీసుకుంటాడు. అమెరికాలో ఆ వాటా మామూలుగా 10 శాతం. ముందే ఫీజు అడిగినవాడికి కథ అమ్ముడుపోయినా పోకపోయినా ఒకటే.

తెలుగులో హీరోలకు మేనేజర్లు ఉన్నారు గానీ, కొత్త రైటర్ల తరఫున తిరిగే ఏజెన్సీలు పాతుకుపోలేదు. ముంబైలో అలాంటి సంస్థలు ఉన్నా, వాటి పని ఎక్కువగా హిందీలోనే. మన దగ్గర కథ కో-డైరెక్టర్ ద్వారానో, హీరో మేనేజర్ ద్వారానో, నిర్మాణ సంస్థలో కథలు వినే టీమ్ ద్వారానో లోపలికి వెళ్తుంది. అందుకే మీ అమ్మాయి ఏజెంట్ కోసం వెతకడం పక్కనపెట్టి, ఈ ముగ్గురిలో ఒకరి ముందు కూర్చుని కథ చెప్పగలిగే స్థితికి రావాలి.

చెప్పడం అని ఎందుకు అంటున్నానంటే, తెలుగు సినిమాలో కథను చదివేవాళ్లు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. వంద పేజీల స్క్రిప్టు బ్యాగులో ఉన్నా ‘లైన్ చెప్పమ్మా’ అనే అడుగుతారు, అంటే కథ సారాన్ని నాలుగు ముక్కల్లో చెప్పమని. అది నచ్చితే అరగంట, ఆ తర్వాత రెండు గంటల పూర్తి నెరేషన్. బాగా రాసే పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు. మన చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర 18 రోజులు భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఈసారి అమ్మాయిని తీసుకెళ్లి హరికథ పూర్తిగా వినమనండి. కథ అందరికీ తెలిసిందే, అయినా జనం లేవరు. భాగవతార్ ఎక్కడ ఆపుతున్నాడు, ఎక్కడ పిట్టకథ వేస్తున్నాడు, ఎవరి గొంతు ఎలా మారుస్తున్నాడు అన్నది రాసుకోమనండి. తర్వాత తన కథను ఇంట్లో మీకే చెప్పమనండి. మీరు ఫోన్ చేతిలోకి తీసుకున్న చోటల్లా సీన్ బిగించాలని అర్థం. దయచేసి మొహమాటానికి బాగుందని అనకండి.

కథ బయటకు చెప్పేముందు రిజిస్టర్ చేయించాలి. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం ఉంది. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే రిజిస్టర్ చేసుకోవచ్చు. అయితే కాపీరైట్ చట్టం కాపాడేది రాసిన రూపాన్నే, ఆలోచనను కాదు. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కాబట్టి లైన్ ఒక్కటే కాకుండా సీన్లు, డైలాగులతో సహా పూర్తిగా రాసినదాన్ని రిజిస్టర్ చేయించండి. ఎవరికైనా కథ చెప్పి వచ్చిన రోజే, చెప్పిన కథ సారాంశాన్ని వాళ్లకు మెయిల్ చేయడం అలవాటు చేసుకోవాలి. ఎవరికి ఎప్పుడు చెప్పిందో అదే రుజువు.

ఎవరైనా కథ తీసుకుంటామంటే సంతోషంలో సంతకం పెట్టేయొద్దు. హక్కులు ఇవ్వడం రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఎన్నాళ్లకు అని ఒప్పందంలో లేకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. టైటిల్స్‌లో పేరు ఏ హోదాలో పడుతుంది, డబ్బు ఏ దశలో ఎంత వస్తుంది అన్నవి కాగితం మీదే ఉండాలి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత, సినిమా హాలు బయట వాడకానికి వచ్చే రాయల్టీలో రచయిత వాటాను వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఏజెంట్ లేని చోట ఈ కాగితం చదివే లాయరే మీ అమ్మాయి తరఫు మనిషి. 40,000 ఖర్చుపెట్టే స్తోమత ఉంటే అందులో కొంత ఆ రోజు కోసం దాచండి.

ఇక హైదరాబాద్ పంపడం గురించి. డిగ్రీ పూర్తి కానివ్వండి. ఈలోగా తన స్క్రిప్టులోంచి పది నిమిషాల భాగం తీసుకుని, స్నేహితులతో కలిసి తిరుపతిలోనే షార్ట్ ఫిల్మ్ తీయమనండి. కో-డైరెక్టర్‌ను కలిసినప్పుడు చూపించడానికి అది పనికొస్తుంది. మొదటి పని కథ అమ్మడమే కానక్కర్లేదు. ఏదైనా డైరెక్టర్ రైటింగ్ టీమ్‌లో అసిస్టెంట్‌గా చేరితే కథా చర్చల్లో కూర్చోవచ్చు, నలుగురూ తెలుస్తారు. జీతం ఎంత, పేరు వేస్తారా అని మొదటే అడగాలి. కథ గురించి కూర్చుని మాట్లాడే సిట్టింగ్ ఆఫీసులోనే పెట్టాలి. ఆడపిల్లను రాత్రిపూట హోటల్ గదికో ఫ్లాట్‌కో కథ చెప్పడానికి రమ్మంటే, పిలిచినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా వెళ్లనక్కర్లేదు. ఈ మాట తండ్రిగా మీరే ముందు చెప్పండి, అప్పుడు తను టెన్షన్ లేకుండా కాదనగలుగుతుంది.