కార్మికుడి చెయ్యి పోయి కేసు వేశాడు, యజమానిగా నేను ఎలా గెలవాలి?

"మాది చిన్న బండల యూనిట్. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడు మా నిర్లక్ష్యం అంటూ కేసు వేశాడు. నిజానికి అజాగ్రత్త అతనిదే. కేసు కొట్టేయించాలంటే ఏ పాయింటు మీద వాదించాలి?" అని అడిగారు.

కొట్టేయించాలనే ఆలోచనతో మొదలుపెడితే చివరికి ఎక్కువ డబ్బు కట్టేది మీరే. తాడిపత్రిలో నాప బండల కటింగ్, పాలిష్ యూనిట్లకు ఏళ్ల తరబడి లెక్కలు రాస్తున్నాను. ఇలాంటి కేసుల్లో యజమానులు ప్రమాదం వల్ల కన్నా, ప్రమాదం తర్వాత ఆడిన అబద్ధాల వల్లే ఎక్కువ నష్టపోయారు.

ముందు ఒక విషయం. కార్మికుడు లేబర్ ఆఫీసులో పరిహారం కేసు వేసి ఉంటే, నిర్లక్ష్యం ఎవరిదన్నది అక్కడ పెద్ద ప్రశ్నే కాదు. 1923 నాటి పరిహార చట్టం కింద, పని వల్ల, పని సమయంలో దెబ్బ తగిలిందని తేలితే చాలు. అతను అజాగ్రత్తగా ఉన్నాడని మీరు ఎంత గొంతు చించుకున్నా ఉపయోగం లేదు. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసి ఉంటే మాత్రం ఎవరి తప్పెంత అన్నది చూస్తారు. ఒకే దెబ్బకు రెండు చోట్లా అడగడానికి వీల్లేదు, అందుకే నోటీసు ఎక్కడినుంచి వచ్చిందో మొదట చూసుకోండి. 2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది. మీ ప్రమాద తేదీకి ఏది వర్తిస్తుందో మీ లాయర్ చెప్పాలి.

ఇక నేను చూసిన కేసు. కోవిడ్ తర్వాత రోజులు. నేను లెక్కలు రాసే ఒక యూనిట్‌లో పదిమందికి లోపే పనిచేసేవాళ్లు, కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) లేదు. కటింగ్ మిషన్ మోటారుకూ బ్లేడు షాఫ్టుకూ మధ్య బెల్టులు ఉంటాయి. బ్లేడు మీద ఎప్పుడూ నీళ్లు పడుతుంటాయి కదా, బెల్టు తడిసి జారుతుంది. జారినప్పుడల్లా గార్డు, అంటే చెయ్యి తగలకుండా బెల్టు మీద ఉండే మూత, విప్పి బిగించడం ఆలస్యమని గార్డు తీసి గోడకు ఆనించి పెట్టారు. అది అక్కడ ఎన్ని నెలలుందో యూనిట్‌లో అందరికీ తెలుసు. ఒకరోజు పొద్దున బెల్టు సర్దబోయిన మనిషి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. నలభై ఏళ్లవాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆసుపత్రి ఖర్చు మా సారే, అంటే ఆ యూనిట్ యజమానే, పెట్టుకున్నాడు, అది నిజం. తర్వాత యాభై వేలు చేతిలో పెట్టి, ఇక ఏమీ అడగనని స్టాంపు పేపరు మీద సంతకం చేయించుకున్నాడు.

ఆ పేపరే తనను కాపాడుతుందని ఆయన నమ్మకం. మన దగ్గర ప్రతి యజమానికీ ఉండే నమ్మకమే అది. కార్మికుడు తన పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు ఎంత రాయించుకున్నా ఆ ఒప్పందం చెల్లదని చట్టంలోనే ఉంది. రాజీ పడాలంటే పరిహారం కేసులు వినే అధికారి దగ్గర దాన్ని రిజిస్టరు చేయించాలి. ఈ ముక్క ఆ పేపరు రాసిచ్చిన మనిషికి తెలియదంటే నేను నమ్మను.

కేసు పడ్డాక మా సారు తరఫున జవాబుగా వేసిన కౌంటరు చూసి నాకు భయం వేసింది. మొదటి పేరాలో అతను మా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చిన లేబర్ అని రాశారు. నాలుగో పేరాలో అతను తాగి పనికి వచ్చి, చెప్పినా వినకుండా మిషన్‌లో చెయ్యి పెట్టాడని రాశారు. "సార్, ఈ రెండూ ఒకదానికొకటి కుదరవు" అన్నాను. "ఏం కాదులేప్పా, మేస్త్రీ పేరు చెప్తే సరిపోతుందంట" అన్నాడు.

సరిపోలేదు. జీతాల బట్వాడా పుస్తకం తెమ్మని నన్ను పిలిపించారు. వారం వారం అతని పేరు, అడ్వాన్సులు, సంతకాలు, అన్నీ నా చేతి రాతే. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తర్వాత మా సారును కార్మికుడి లాయరు క్రాస్ చేశాడు, అంటే ఎదురు ప్రశ్నలు వేశాడు. మీ మనిషే కానప్పుడు తాగొచ్చాడని మీకెలా తెలిసింది? తాగాడని ఆసుపత్రి కేస్ షీట్‌లో ఎక్కడుంది? గార్డు తీసింది ఎవరు? తీయొద్దని రాతపూర్వకంగా ఎప్పుడైనా చెప్పారా? నాలుగు ప్రశ్నలే. మా సారు తల వంచుకుని నిలబడ్డాడు. మనసులో అంత చెడ్డవాడు కాదు ఆయన. ఎవరో చెప్పిన దారిలో పోయాడు, అంతే.

తాగి ఉండడం, కావాలనే భద్రత నియమం మీరడం, కావాలనే గార్డు తీసెయ్యడం, ఇవి యజమానికి చట్టంలో ఉన్న నిజమైన రక్షణలే, కాదనను. కానీ ప్రాణం పోయినా, మనిషి శాశ్వతంగా పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినా అవి చెల్లవు. మిగతా వాటిలో కూడా నిరూపించాల్సిన భారం మీదే. గార్డు యజమానే తీయించినప్పుడు ఇంకేం నిరూపిస్తారు? మేస్త్రీ ద్వారా వచ్చినా మీ పనిలో దెబ్బ తగిలితే ముందు కట్టాల్సింది మీరే, తర్వాత మేస్త్రీ దగ్గర వసూలు చేసుకోవాలి. మేస్త్రీ దగ్గర ఏముంటుందో మీకూ తెలుసు.

డబ్బు లెక్క చెప్తాను, ఇది ఎవరూ ముందు చెప్పరు. అప్పటి నిబంధనల్లో నెల జీతం ఎంతున్నా 15,000 దాకే లెక్కలోకి తీసుకునేవాళ్లు. అందులో 60 శాతం అంటే 9,000. నలభై ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో గుణకం 184.17. గుణిస్తే 16,57,530. ఒక చేతి మూడు వేళ్లు పోతే షెడ్యూలు (చట్టంలోని గాయాల పట్టిక) ప్రకారం సంపాదన నష్టం 30 శాతం, అంటే 4,97,259 రూపాయలు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. ఏడాదికి దాదాపు అరవై వేలు! సరైన కారణం లేకుండా ఆలస్యం చేశారంటే 50 శాతం దాకా పెనాల్టీ. ఇన్సూరెన్స్ ఉన్నా ఆ పెనాల్టీ మీ జేబులోంచే పోతుంది. ఆర్డరు వచ్చిన రోజునుంచే బాకీ అనుకుంటారు చాలామంది. ప్రమాదం జరిగిన రోజునుంచే బాకీ అని ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే చెప్పేసింది. ఆ కేసులో ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేసిన వడ్రంగికి నూరు శాతం నష్టం లెక్కకట్టారు, మిగిలిన ఒక్క చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి. హైకోర్టుకు పోదామన్నా ఆర్డరు డబ్బు మొత్తం ముందు డిపాజిట్ చెయ్యాలి. అందుకే వాయిదాలు లాగడం యజమానికి లాభం అనేవాళ్లను నేను నమ్మను.

ఇన్సూరెన్స్ ఏజెంట్ల మీద కూడా నాకు కోపం ఉంది. ప్రీమియం తగ్గుతుందని ఎనిమిది మంది పనిచేసే చోట ఇద్దరి పేర్ల మీద పాలసీ రాసి పోతారు. దెబ్బ తగిలినవాడు ఆ ఇద్దరిలో లేకపోతే కంపెనీ చేతులెత్తేస్తుంది. దసరాకు మిషన్లకు పూజ చేసి గుమ్మడికాయ కొట్టడానికి వేలు ఖర్చుపెడతాం, మిగతా ఆరుగురి ప్రీమియం మాత్రం దండగ ఖర్చులా కనిపిస్తుంది. బాధగా ఉంటుంది.

మీరు నిజాయితీగా కొట్లాడగలిగే చోటు వేరే ఉంది. అతని వయసు ఆధార్‌లో ఎంత, జీతం మీ పుస్తకంలో ఎంత, వైకల్యం శాతం ఎంత. షెడ్యూలులో లేని గాయమైతే డాక్టరు ఇచ్చిన శాతాన్ని ప్రశ్నించవచ్చు, ఆ డాక్టరును క్రాస్ చేయమని మీ లాయరుకు చెప్పొచ్చు. మూడు లక్షలు మీరు ఒప్పుకుని, ఐదు లక్షలు అతను అడుగుతుంటే, ఒప్పుకున్న మూడు ఇప్పుడే డిపాజిట్ చేసి మిగతా రెండింటి మీద వాదించండి. వడ్డీ కూడా ఆ రెండింటి మీదే పెరుగుతుంది.

కౌంటరు ఇంకా వెయ్యలేదంటే ఈ వారమే ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రమాదం గురించి రాతపూర్వకంగా తెలపండి, కేసులో వాళ్లను పార్టీగా చేర్చమని అడగండి. బట్వాడా పుస్తకంలో ఒక్క పేజీ కూడా చించకండి. కౌంటరు మీద సంతకం పెట్టేముందు ప్రతి పేరా తెలుగులో చదివించుకుని వినండి. "మా మనిషి కాదు" అనే మాట అందులో ఉంటే తీసేయమని చెప్పండి.