మండువా పైన అద్దం వేయించే ముందు ఇది చదవండి

400 గజాల స్థలంలో మండువా లోగిలి, అంటే నడిమధ్యన కప్పు లేకుండా ఆకాశానికి ఖాళీ వదిలే పాతకాలపు ఇల్లు, కడదామనుకుంటున్నాం, వాన పడకుండా ఆ మధ్యలో పైన గ్లాస్ వేయిస్తే ఎలా ఉంటుంది, అలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు చెప్పండి అని ఒకరు అడిగారు. నేను ఉన్నాను. చిన్నప్పటి వేసవి సెలవులన్నీ అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇంట్లోనే గడిచాయి. నా మాట వింటే, గ్లాస్ వేసే పనైతే మండువా మానేసి ఆ చోట ఇంకో బెడ్‌రూమ్ వేసుకోండి. చుట్టాలొస్తే పడుకోవడానికైనా పనికొస్తుంది.

ఆ ఇల్లు ఎలా ఉండేదంటే, వీధి వైపు రెండు అరుగులు. తాతయ్యతో పనున్నవాళ్లూ, ఏ పనీ లేనివాళ్లూ పొద్దంతా వాటి మీదే. (అరుగు దాటి లోపలికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అన్న లెక్క కూడా ఉండేది. పాత ఇళ్లని పొగిడేవాళ్లు ఆ సంగతి ఎత్తరు.) వీధి గుమ్మం దాటితే నడవ, నడవ దాటగానే మండువా. నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికే వాలి ఉండేది, మధ్యలో కప్పు లేదు. కింద నాపరాళ్లు. చుట్టూ స్తంభాల వసారా, గదులన్నీ అందులోకే తెరుచుకునేవి. ఒక మూల ధాన్యం గాదె, పక్క గదిలో అటక, అటక మీద ఊరగాయ జాడీలు. వంటిల్లు మాత్రం ఎక్కడో వెనకాల, పెరట్లో నూతికి దగ్గరగా. నీళ్లు తోడుకోవడానికి వీలని అలా కట్టారంటారు. నిజమే కావచ్చు. కానీ భోజనాలు వసారాలో పెట్టేవారు, కాబట్టి ప్రతి గిన్నే అంత దూరం మోసుకొచ్చింది అమ్మమ్మా, అత్తయ్యలూ. ఆ ఇంటి ప్లాను గీసినాయన ఒక్క పూటైనా వడ్డించి ఉండడు.

వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం మూడూ ఒకే వరసలో ఉండేవి. వేడి గాలి మండువా మీదుగా పైకి పోతుంటే, ఆ ఖాళీలోకి పెరటి వైపు నుంచి చెట్ల నీడలోని గాలి వచ్చేది. మేలో కరెంటు పోయినా వసారాలో చాప వేసుకుని నిద్రపోయేవాళ్లం. పైన మూసేస్తే ఈ ఏర్పాటంతా దండగ. అద్దంలోంచి ఎండ లోపలికి దిగుతుంది, వేడి మాత్రం బయటికి పోదు.

నమ్మకం లేకపోతే మా పెద్దమ్మ కొడుకు రాజమండ్రిలో కట్టిన ఇంటి సంగతి వినండి. మండువా అన్నాడు, పైన టఫెన్డ్ గ్లాస్ వేయించాడు, దాని కింద షాండ్లియర్ వేలాడదీశాడు. మే నెలలో గృహప్రవేశం. తెల్లవారుజామున మండువాలోనే హోమం మొదలెట్టారు. కాసేపటికి షాండ్లియర్ కనపడటం మానేసింది. పొగ అద్దం దాకా పోయి, దారి లేక, పై అంతస్తు గదుల్లోకి దూరింది. అక్కడ రెయిలింగ్ పట్టుకుని వీడియోలు తీస్తున్న పిల్లలు దగ్గుకుంటూ కిందికి పరిగెత్తుకొచ్చారు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో తెలివైనవాడు పెడస్టల్ ఫ్యాన్ తెచ్చి పెడితే హోమగుండంలో నిప్పురవ్వలు లేచి వదిన పట్టుచీర దాకా వచ్చాయి. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటుంటే ఫొటోగ్రాఫర్ ఆనందబాష్పాలనుకున్నాడో ఏమో, ఆల్బమ్‌లో మొదటి పేజీ అదే. వ్రతం మూడో కథకి వచ్చేసరికి పీటల మీద దంపతులు తప్ప వినేవాళ్లంతా పోర్టికోలో ఉన్నారు.

మా పెద్దమ్మ మండువా ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. పైకి చూసి, "ఒరేయ్, పొగా వేడీ పోవడానికే కదరా అక్కడ ఖాళీ వదిలేది. వదిలి మళ్లీ మూతెట్టుకున్నారేంట్రా?" అంది. ఏసీలు బిగిస్తే సర్దుకుంటుందమ్మా అన్నాడు మావాడు. బిగించాడు కూడా. ఇప్పుడు అద్దం మీద పావురాల రెట్టలు ఎండిపోయి ఉన్నాయి, ఎక్కి కడిగే మనిషి దొరకడం లేదు.

అసలు ఈ పిచ్చంతా రీల్స్ వల్ల వచ్చింది. అందులో చూపించేవి సగం కేరళ నాలుకెట్టులు (వాళ్ల మండువా ఇళ్లు), తమిళనాడులోని చెట్టినాడు భవంతులు. అవి చూసి కోనసీమలో కట్టే ఇంటికి ఆ చెట్టినాడు వాళ్ల ఆత్తంగుడి టైల్స్ కావాలంటారు. వాస్తు సిద్ధాంతులు ఇంకొక రకం. బ్రహ్మస్థానం, అంటే ఇంటి నడిమధ్య, ఖాళీగా ఉంచమని చెప్పేదీ వాళ్లే, అద్దం వేస్తే దోషం లేదని చెప్పేదీ వాళ్లే.

తెరిచి ఉంచితే కష్టాలు లేవా అంటే, బోలెడు. లెక్క వేసుకోండి. 12 అడుగుల చదరం ఖాళీ వదిలి, చుట్టూ 6 అడుగుల వసారా తిప్పితే మొత్తం 24 అడుగుల చదరం, అంటే 576 చదరపు అడుగులు. ఇంకా ఒక్క గది కూడా రాలేదు. ఆ వసారాల కప్పు లోపలికి వాలిస్తే, 5 సెంటీమీటర్ల వానకి రెండున్నర వేల లీటర్ల పైన నీళ్లు మీ ఇంటి నడిమధ్యకి వస్తాయి. బాత్రూంకి వేసే సన్న పైపు వేస్తే వసారా మునుగుతుంది. మండువా నేల వసారా కంటే బాగా లోతుగా ఉండాలి, తూము వెడల్పుగా ఉండాలి, దానికి జాలీ ఉండాలి. మా అమ్మమ్మగారింట్లో జాలీ ఊడినప్పుడల్లా కప్పలు వచ్చేవి, కప్పల కోసం పాములు వచ్చేవి. రెండు వాలులు కలిసే మూలల్లో రేకు దోనెలు తుప్పు పట్టి ముందు అక్కడే కారుతుంది. పెంకు వేస్తే ఏటా వానలకి ముందు సర్దించాలి, ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోయారు. కోతులుంటే చెప్పనే అక్కర్లేదు. దొంగలకీ కోతులకీ కలిపి ఇనప ఊచలు వేయించుకోండి, గాలి ఆగదు. తడి నాపరాళ్ల మీద నాచు పడితే పెద్దవాళ్లు జారతారు, వారానికోసారి గీకించాలి.

అన్నదమ్ములిద్దరూ కలిసి కడుతుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించుకోండి. మా ఊరి మండువాలు కొన్ని వానకి పోలేదు, పంపకాలకి పోయాయి. సరిగ్గా నడిమధ్యన గోడ లేపారు, తూము ఒకరి వాటాలోకి పోయింది, రెండోవారి వసారాలో వానాకాలమంతా నీళ్లు.

ప్లాను ఖాయం చేసే ముందు ఇంకా మనుషులుంటున్న మండువా ఇల్లు ఒకటి వెతుక్కుని వెళ్లి చూడండి. సంక్రాంతికి కాదు, అప్పుడు సున్నాలేసి ముగ్గులు పెట్టి ఉంటాయి. ఆగస్టులో ముసురు పట్టినప్పుడు వెళ్లండి. ఇంటాయన అరుగు మీద కూర్చోబెట్టి ముత్తాతల కథలు మొదలెడతాడు. అవి సగంలో ఆపించి, లోపల తడిబట్టలు ఎక్కడ ఆరేస్తున్నారో ఆడవాళ్లని అడగండి.