లాప్‌టాప్ సరే, మే నెల వాయిదా ఎవరు కడతారు?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. జీతం 26 వేలు. యార్డుకు వేసవి సెలవులిస్తే సగమే వస్తుంది. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, నెలకు ఆరేడు వేలు తెస్తుంది. అమ్మాయికి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. బాబు తొమ్మిదో తరగతి. సీనియర్లు చెప్పారని అమ్మాయి 92 వేల గేమింగ్ లాప్‌టాప్ అడుగుతోంది. 20 వేలు కడితే మిగతాది నెలకు 6 వేల చొప్పున 12 నెలలు కట్టొచ్చు, వడ్డీ లేదు అన్నారు షాపులో. బ్యాంకులో 58 వేలు ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ ఒకటి నడుస్తోంది. నెలకు 4 వేలు, 25 నెలల్లో 13 అయ్యాయి, ఇంకా పాడలేదు. ఫోన్‌లో ఒక యాప్ వెంటనే 50 వేలు ఇస్తానంటోంది, నెలకు రెండున్నర శాతమే. నిరుడు నాకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రికైన 38 వేలు మా షావుకారు దగ్గర తెచ్చాను, అవి ఈ మధ్యే తీరాయి. వీటిలో ఏ దారి మంచిది? ఈఎంఐ 6 వేలే కదా, ఎలాగోలా సర్దుకుంటాం అనుకుంటున్నాం.

జవాబు: కౌన్సెలింగ్ అయిపోయిన ఈ రోజుల్లో లాప్‌టాప్ ఉత్తరాలు వరసగా వస్తుంటాయి. మీదే తీసుకోవడానికి కారణం మీ చివరి వాక్యం. ‘ఎలాగోలా సర్దుకుంటాం’ అని రాసినవాళ్లలో చాలామంది ఎలా సర్దుకుంటారో కాగితం మీద వేసి చూసుకోరు. మీరు ఇంటి ఖర్చుల పట్టీ కూడా పంపారు కాబట్టి నేనే వేశాను.

అద్దె 7 వేలు, ఇంటి ఖర్చు 12 వేలు, బాబు స్కూలుకీ ట్యూషన్‌కీ 3 వేలు, అమ్మాయి కాలేజీ బస్సుకీ పై ఖర్చులకీ 4 వేలు, చీటీ 4 వేలు. మొత్తం 30 వేలు. ఇద్దరి సంపాదనా కలిపి 32,500 అనుకుందాం. మిగిలేది 2,500. అందులోంచి 6 వేల వాయిదా కట్టాలంటే మొదటి నెల నుంచే 3,500 తక్కువ. అది ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాంకులో ఉన్న డబ్బులోంచే.

మరి బ్యాంకులో ఎంత మిగులుతుంది? మీరు ఫొటో తీసి పంపిన షాపు కాగితం చూడండి. పైన లాప్‌టాప్ ధర, కింద బ్యాగూ మౌసూ ‘ఉచితం’. ఇంకా కింద బాల్‌పెన్నుతో రాసినవి మూడు: అదనపు వారంటీ 5,499, యాంటీవైరస్ 1,200, ప్రాసెసింగ్ ఫీజు 1,499. అంటే మొదటి రోజున మీ జేబులోంచి పోయేది 20 వేలు కాదు, 28 వేల పైచిలుకు. ఖాతాలో 30 వేలు కూడా ఉండవు. నెలకు 3,500 చొప్పున అవి ఎనిమిది నెలలు వస్తాయి, తొమ్మిదో నెలకి పూర్తిగా చాలవు. సెప్టెంబరులో వాయిదాలు మొదలైతే తొమ్మిదోది పడేది మే నెలలో. యార్డుకు సెలవులిచ్చే నెల, మీకు సగం జీతం వచ్చే నెల. అప్పటికి ఖాతా ఖాళీ, చేతికి వచ్చేది 13 వేలు, జూన్‌లో పిల్లల ఫీజులు. ఈ లెక్కలో ఎవరికీ జ్వరం రాలేదని కూడా గమనించండి.

వాయిదా ఒకసారి బౌన్స్ అయితే ఫైనాన్స్ కంపెనీ ఓ చార్జీ వేస్తుంది, బ్యాంకు ఇంకో చార్జీ వేస్తుంది. అవి పోతే పోయాయి. అప్పులు ఎంత సక్రమంగా కడతారో చెప్పే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, దాని సంగతేమిటి? రేపు అమ్మాయి పై చదువుకి విద్యా రుణం కావాలంటే సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాల్సింది మీరే. అప్పుడు బ్యాంకువాళ్లు ముందు తీసి చూసేది మీ స్కోరునే.

‘వడ్డీ లేదు’ అన్న మాట సంగతి కూడా చూద్దాం. ఆ కాగితం మూలనే నగదుకైతే 88,500 అని రాసి ఉంది. అంటే వాయిదాల మీద కొన్నందుకు 3,500 ఎక్కువ, పైన ప్రాసెసింగ్ ఫీజు 1,499. దాదాపు 5 వేలు. తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్క కడితే ఏడాదికి 13 శాతం పైన పడుతుంది. నిజం చెప్పాలంటే ఇది దారుణమైన వడ్డీ ఏమీ కాదు. ఇంట్లో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్న మనిషి అడిగితే ‘మీ ఇష్టం’ అనేవాణ్ని. మీకు వద్దంటున్నది వడ్డీ చూసి కాదు, వెనకాల ఏమీ లేకుండా ఏడాదిపాటు నెలనెలా తప్పని బాకీ నెత్తిన పెట్టుకుంటున్నందుకు.

యాప్ అప్పు విషయానికి వస్తే, దీన్ని మిగతా దారుల సరసన పెట్టి ‘ఏది మంచిది’ అని అడగడమే నాకు కోపం తెప్పించింది. యార్డులో పనిచేసే మీకు వడ్డీ లెక్క నేను నేర్పాలా? నూటికి రెండు రూపాయల వడ్డీ అంటేనే రైతు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇక్కడ నూటికి రెండున్నర, అదీ తీర్చేసిన అసలు మీద కూడా. 50 వేలకు ఏడాదికి 15 వేల వడ్డీ కలిపి 12 వాయిదాలు చేస్తే, నెలనెలా అసలు తగ్గుతున్నా వడ్డీ తగ్గదు. నిజమైన రేటు ఏడాదికి 50 శాతం దాటుతుంది. ఫీజు ముందే కోసుకుని చేతికి 47, 48 వేలే ఇస్తే ఇంకా పైకి పోతుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్టులూ ఫొటోలూ చూడకూడదు. అప్పు ఇచ్చే ముందే అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి పడే రేటు రాతపూర్వకంగా చూపించాలి. మీ యాప్ చూపించిందా? కాంటాక్టులకు అనుమతి అడిగిందా? అడిగితే ఈ జవాబు పూర్తిగా చదవక్కర్లేదు, ముందు దాన్ని ఫోన్‌లోంచి తీసేసి రండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది లాప్‌టాప్ కాదు, డెంగీ. నిరుడు 38 వేలు కావాల్సి వస్తే చేతిలో లేక షావుకారు దగ్గర చెయ్యి చాచారు. పనిచేసే చోటే అప్పు చేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు, సెలవు అడగడానికీ జీతం పెంచమనడానికీ నోరు రాదు. ఆ బాకీ ఈ మధ్యే తీరింది. తీరిన వెంటనే మీ ఇంటికి కావలసింది ఇంకో డెంగీ వస్తే తట్టుకునే డబ్బు. మీరేమో ఉన్న 58 వేలలో సగం పట్టుకెళ్లి షాపులో పెడుతున్నారు. ‘ఖాతాలో డబ్బుంది’ అని మీరనుకుంటున్నారు. ఆ 58 వేలు మీ ఇంటికి రెండు నెలల బియ్యం, అద్దె, ఫీజు. అంతకంటే ఏమీ కాదు.

చీటీ పక్కన పెడితే మీ ఇంటికి నెలకు తప్పనిసరిగా కావలసింది 26 వేలు. ప్రభుత్వ ఉద్యోగి అయితే మూడు నెలల ఖర్చు పక్కన ఉంటే చాలు అంటాను. మీది సీజన్ మీద ఆధారపడ్డ సంపాదన. పంట తగ్గినా, ధర పడినా, సెలవులు పొడిగించినా ముందు గుమస్తా జీతం మీదే పడుతుంది. మీకు నాలుగు నెలలది, అంటే దాదాపు లక్ష రూపాయలు, ఎవరూ ముట్టుకోని చోట ఉండాలి. అది చేరేదాకా ఇంట్లోకి కొత్త వాయిదా ఏదీ రాకూడదు. లాప్‌టాప్‌కైనా, ఫ్రిజ్‌కైనా, బండికైనా నేను చెప్పేది ఇదే. చదివేవాళ్లకి విసుగొచ్చినా సరే, మళ్లీ మళ్లీ చెబుతూనే ఉంటాను.

అయితే అమ్మాయికి లాప్‌టాప్ వద్దా? ఎందుకు వద్దు, కొనాలి. దారి మీ ఉత్తరంలోనే ఉంది, చీటీ.

మీ చీటీ సగం దాటింది. ఇంతదాకా మీరు కట్టిన డబ్బే అందులో ఎక్కువ. ఈ నెల పాటలో కూర్చోండి. పాట 15 వేల దగ్గర తెగితే, అంటే 15 వేలు వదులుకుంటే, చేతికి 85 వేలు వస్తాయి. అందులో లాప్‌టాప్‌కి 45 వేలకు మించకుండా తీయండి. మిగిలిన 40 వేలు మీ 58 వేలకు కలిస్తే 98 వేలు. లక్షకు రెండు వేలు తక్కువ, అది మీరు నెలకు మిగిలే దాంట్లోంచి పూడ్చుకోగలరు. చీటీ కట్టుబడి నెలకు 4 వేలు ఎలాగూ మీ పట్టీలో ఉంది, కొత్తగా ఏదీ చేరదు. చివరిదాకా ఆగితే కమీషన్ పోను ఇంకో పది వేలు ఎక్కువ వచ్చేవి, ఆ నష్టం నాకూ కనబడుతోంది. కానీ ఆ పది వేల కోసం ఏడాదిపాటు ఖాళీ చేతులతో ఉండమని మీలాంటి ఇంటికి చెప్పలేను. పాట మరీ ఎగబాకి 20 వేలు దాటితే మాత్రం ఆవేశపడి పాడొద్దు, వచ్చే నెల చూడండి. నెల ఆలస్యమైతే చదువు ఆగదు, మొదటి సెమిస్టర్‌లో కాలేజీ ల్యాబు ఉంటుంది.

ఒక్కటి అడగాలి. ఇది రిజిస్టరైన చిట్ కంపెనీదా, వీధిలో నమ్మకం మీద నడిచేదా? రిజిస్టరైనదైతే పాడుకున్నాక మిగతా వాయిదాలకు జామీను అడుగుతారు, ఎవరు సంతకం పెడతారో ముందే చూసుకోండి. నమ్మకం మీద నడిచేదైతే పాడుకోవడానికి ఇంకో కారణం దొరికినట్టే. డబ్బు బయటికి తీసుకోండి, వాయిదాలు మర్యాదగా చివరిదాకా కట్టండి, మళ్లీ అలాంటి దాంట్లో చేరకండి.

45 వేలకు ఏమొస్తుందని అమ్మాయి మూతి ముడుచుకోవచ్చు. తనకి ఈ భాగం చదివి వినిపించండి. మొదటి ఏడాది సీ భాష నేర్పుతారు, అది పదేళ్ల నాటి కంప్యూటర్‌లో కూడా నడుస్తుంది. తర్వాత జావా, పైథాన్, డేటాబేస్‌లు. వీటికి కావలసింది మధ్యరకం ప్రాసెసర్, అంటే ఐ5 గానీ రైజెన్ 5 గానీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి తెరిస్తే 8 జీబీ ఇరుకవుతుంది. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి బడ్జెట్‌లో 16 దొరక్కపోతే 8 జీబీది తీసుకుని రెండో ఏడాదిలో ఇంకో 8 వేయించండి. కానీ కొనేముందే ఖాళీ స్లాట్ ఉందా అని అడగాలి. ఇప్పుడు సన్నగా వచ్చే చాలా మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచడం కుదరదు. ‘తర్వాత వేయిద్దాం లెండి సార్’ అనే షాపు కుర్రాడి మాట కాకుండా, మోడల్ నంబరు కొట్టి కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు ఆటలకీ, వీడియో ఎడిటింగ్‌కీ, పెద్ద పెద్ద ఏఐ మోడళ్లకీ పనికొస్తుంది. మెషిన్ లెర్నింగ్ నేర్చుకునే దశలో ఇంటర్నెట్‌లో నడిచే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా ఇచ్చేది సరిపోతుంది. పైగా గేమింగ్ లాప్‌టాప్ రెండు కిలోల పైనే ఉంటుంది, దాని అడాప్టరు ఓ ఇటుక. రోజూ బస్సులో మోసేది అమ్మాయే, సీనియర్లు కాదు. బ్యాటరీ కూడా తొందరగా అయిపోతుంది, క్లాసులో ప్లగ్గు కోసం గోడవారగా కూర్చోవాలి.

కొనేటప్పుడు ధరలో విండోస్ ఉందో లేదో చూడండి. లేనిది చవగ్గా ఇచ్చి, షాపులోనే దొంగ కాపీ వేసిచ్చేవాళ్లున్నారు. అంతకంటే లినక్స్ వేసుకోవడం నయం, డబ్బు ఖర్చు లేదు, కంప్యూటర్ సైన్స్ పిల్లకి అది ఎలాగూ రావాలి. యాంటీవైరస్‌ని బిల్లులోంచి కొట్టేయించండి, విండోస్‌తో పాటు వచ్చేది చాలు. అదనపు వారంటీ ఆ రోజే తీసుకోనక్కర్లేదు. కంపెనీ వారంటీ అయిపోకముందు నేరుగా కంపెనీ నుంచే తీసుకునే వీలుందేమో చూడండి. అరండల్‌పేటలో ఒక్క షాపుతో ఆగకుండా ఓ ఆదివారం కాని రోజు చూసి విజయవాడ బందరు రోడ్డు కూడా తిరిగి రండి, చేతిలో ఆన్‌లైన్ ధర పెట్టుకుని. జీఎస్టీ బిల్లు లేకుండా మాత్రం వద్దు.

రీఫర్బిష్డ్, అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మేది, కూడా మంచి దారే. ఆఫీసుల్లో వాడి తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటివి గట్టివి. కాకపోతే ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతవి వద్దు, వాటిలో విండోస్ 11 అధికారికంగా నడవదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఫీజు కోసం విద్యా రుణం ఆలోచన ఉంటే కంప్యూటర్ ఖర్చు కూడా అందులో చేర్చమని బ్యాంకులో అడగొచ్చు. లాప్‌టాప్ కోసం బంగారం మాత్రం కుదువ పెట్టొద్దు.

ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవ ఉంటే మంచిదే, కానీ అది జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో, జాబితాలో ఉన్న చికిత్సలకే. నలుగురికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ పాలసీ చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. వచ్చే ఆగస్టులో చీటీ అయిపోయి 4 వేలు మిగలడం మొదలవగానే మొదట కట్టాల్సింది దీనికి. అదే నెల మీ పేరున ఒక టర్మ్ పాలసీ, అంటే జీవిత బీమా, కూడా.

ఆ లక్షని ఫోన్‌పే, గూగుల్‌పేలకు కలిపిన ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో మీ ఇద్దరి పేరునా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఖాతా తెరవండి. 40 వేలు అందులో, మిగతా 60 వేలు అక్కడే రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి. ఒకటి విరిచినా రెండోది కదలదు, విరిస్తే పోయేది కాస్త వడ్డీయే. పాట తేదీకి ముందే ఆ ఖాతా తెరిచి ఉంచండి. చీటీ డబ్బు మామూలు ఖాతాలో పడితే లాప్‌టాప్ బడ్జెట్ 45 నుంచి 60కి జారడానికి రెండు రోజులు చాలు.