‘ఏడున్నవ్?’ దగ్గర మొదలుపెట్టమ్మా

ప్రశ్న: మేడమ్, నేను హన్మకొండలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్న. ‘ఫోన్లొచ్చినంక మన మాటల తీరు ఎట్ల మారింది’ అన్నది నా ప్రాజెక్టు. ప్రశ్నపత్రం పట్టుకుని ఇల్లిల్లు తిరుగుతుంటే అందరిదీ ఒకటే జవాబు: ‘ఫోన్లొచ్చి ముచ్చట్లు బంద్ అయినయ్’. ఇంతదాంతో ఏం రాయాలె?

జవాబు: ఆ ప్రశ్నపత్రం పక్కన పెట్టమ్మా. అడిగితే జనం అభిప్రాయం చెప్తారు. తీరు తెలియాలంటే వాళ్లు మాట్లాడుతుంటే వినాలి. 1960లలో అమెరికాలో హార్వే సాక్స్ అనే సామాజికశాస్త్రవేత్త టేపులకెక్కిన ఫోన్ సంభాషణలు ముందేసుకుని చేసిన పని అదే. ఆయన సహచరుడు ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ ఫోన్ మాటలు ఎట్లా మొదలవుతాయో 1968లో రాశాడు. దాదాపు 500 కాల్స్ చూస్తే, ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడుతున్నారు. ఒక్కదాంట్లో మాత్రం ఫోన్ చేసినవాళ్లు ముందు మాట్లాడారు. ఆ ఒక్కదాన్ని పోనీలే అని వదిలెయ్యలేదాయన, సూత్రాన్నే మార్చుకున్నాడు. ఫోన్ మోగడమే పిలుపు, ‘హలో’ దానికి పలకడం, పలుకు రాకపోతే చేసినవాళ్లు మళ్లీ పిలుస్తారు అన్నాడు. ఎంత ఓపికో చూడు!

ఇక మన దగ్గర. ల్యాండ్‌లైన్ ఉన్నప్పుడు ‘హలో, ఎవరు?’ అనేవాళ్లం. ఇప్పుడు పేరు ముందే కనిపిస్తుంది. కాజీపేట స్టేషన్‌లో విను, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య విను, మొదటి మాట ‘ఏడున్నవ్?’. గోడకున్న ఫోన్‌లో ఎవరూ అడగని ప్రశ్న అది. ‘ఇంట్లనే’ అంటే ముచ్చట సాగుతుంది, ‘బండి మీదున్న’ అంటే పనిమాట చెప్పి పెట్టేస్తారు.

మీ ఇంటితోనే మొదలుపెట్టు. అమ్మ, అమ్మమ్మ మాట్లాడుకునే కాల్స్ ఇద్దర్నీ అడిగే రికార్డు చెయ్యి. మాటలతో పాటు మౌనాన్నీ సెకన్‌లో పదోవంతు దాకా రాయాలి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎక్కడ కలిసిందో చూపించాలి. వీటికి సాక్స్ శిష్యురాలు గెయిల్ జెఫర్సన్ పెట్టిన గుర్తులున్నాయి, అవి నేర్చుకో. ఐదు నిమిషాల కాల్‌కే ఒక పూట పోతుంది, అయినా వదలకు.

తర్వాత వాట్సాప్ వాయిస్ మెసేజీలు. ‘ఊఁ’ కొట్టేవాళ్లు లేకుంటే మన దగ్గర కథ ముందుకు నడవదు. ఫోన్‌లో కూడా ‘ఊఁ’ ఆగితే ‘ఇంటున్నవా?’ అంటారు. వాయిస్ మెసేజీలో ఆ ‘ఊఁ’ లేదు. మరి అమ్మమ్మ ఎక్కడ ఆగుతుంది? ‘సమజైందా బిడ్డా’ అని ఎక్కడ అడుగుతుంది, జవాబు రాకుండానే మళ్లీ ఎట్లా ఎత్తుకుంటుంది? నన్నడిగితే నీ ప్రాజెక్టుకు అసలు సరుకు ఇక్కడుంది.

రాసేటప్పుడు పేర్లు, ఊర్లు మార్చు. ఎవరైనా తీసెయ్యమంటే ఆ రికార్డింగు అప్పుడే తీసెయ్యి, ఎంత పనికొచ్చేదైనా సరే.