లండన్ ఎల్‌ఎల్‌బీతో గుంటూరులో ప్రాక్టీసు

ఇంటర్ అవగానే లండన్‌లో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసొచ్చిన మీ అబ్బాయి గుంటూరు కోర్టులో నేరుగా కోటు వేసుకోవచ్చా అని అడిగారు. వేసుకోలేడండీ. ముందు ఆ యూనివర్సిటీ డిగ్రీని లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిందో లేదో చూడండి. ఇంటర్ తర్వాత మన దగ్గర లా అయిదేళ్లు కాబట్టి, మూడేళ్ల డిగ్రీకి ఆ తేడా పూడ్చే బ్రిడ్జ్ కోర్సు అడుగుతారు. ఆపైన విదేశీ డిగ్రీవాళ్లకు పెట్టే క్వాలిఫైయింగ్ పరీక్ష. దానికి చదవడానికి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) పుస్తకాలు కొనకండి, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. ఆ క్వాలిఫైయింగ్ పరీక్ష పాసయ్యాకే రాష్ట్ర బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్‌మెంట్, అంటే లాయరుగా పేరు నమోదు; ఆ తర్వాత రెండేళ్లలోపు ఏఐబీఈ (ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్) పాసవ్వాలి.

జనరల్ వాళ్లకు చట్టంలో ఉన్న ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలే. అంతకుమించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది.

నన్నడిగితే అసలు టెన్షన్ పరీక్షలు కాదు, తెలుగు. గెట్టు తగాదాలో సాక్షి "మా తాత నాటి నుంచి ఆ తుమ్మచెట్టే హద్దండీ" అంటాడు. దాన్ని పట్టుకుని క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. ఈలోగా ఓ సివిల్ సీనియర్ దగ్గర కూర్చోబెట్టి, పాత దస్తావేజులు చదివించండి.