నీ బొమ్మలో బిందెకి బరువు లేదు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ కథ, దానికి నువ్వే వేసిన బొమ్మ అందాయి. కథ గురించి ఎక్కువ సంగతులు ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఇప్పుడు బొమ్మ గురించి. "ఎదురుగా మనిషి ఉంటే కాస్త వస్తుంది, గుర్తు తెచ్చుకుని వేద్దామంటే కొయ్యబొమ్మ అయిపోతోంది, నాకు జ్ఞాపకశక్తి తక్కువేమో" అని రాశావు. తక్కువేం కాదు. వీధి చివరి నుంచి మీ నాన్నగారు వస్తుంటే, మొహం కనపడకముందే నడకని బట్టి పోల్చుకుంటావు కదా. మనిషి ఆకారం నీలో ఉంది. పోల్చుకోవడానికి సరిపడా ఉంది, గీయడానికి సరిపడా లేదు. అంతే తేడా. అది సాధనతో తగ్గుతుంది.

కుళాయి దగ్గర నుంచి బిందె చంకన పెట్టుకుని వస్తున్న ఆడమనిషిని వేశావు. చీర కుచ్చెళ్లు, జడ, గాజులు, ఆఖరికి బిందె మీద సొట్ట కూడా వదల్లేదు. కానీ ఆమె ఫోటో కోసం నిలబడ్డట్టు నిటారుగా ఉంది. భుజాలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి, పాదాలు రెండూ ఒకేలా ఉన్నాయి. బిందె లేకపోయినా ఆమె అలాగే నిలబడేది. పదిహేను లీటర్ల నీళ్లంటే పదిహేను కిలోలు, బిందె బరువు అదనం. అంత బరువు ఒక పక్కన ఉంటే ఒళ్లు నిటారుగా ఉండదు. బిందె ఉన్న వైపు తుంటి బయటికి వస్తుంది. బిందెకి అదే పీట. నడుము పైభాగం రెండో వైపుకి వాలుతుంది. ఒక చెయ్యి బిందె మెడని చుట్టి పట్టుకుంటే, ఖాళీగా ఉన్న చెయ్యి ఒంటికి దూరంగా జరిగి బరువుని సరిచూసుకుంటూ ఊగుతుంది. తల మాత్రం వాలిపోదు, కళ్లు దారి చూడాలి కాబట్టి. అందుకని మెడ దగ్గర చిన్న విరుపు వస్తుంది. ఆ విరుపు పట్టుకుంటే సగం బొమ్మ వచ్చినట్టే.

ఇదంతా నువ్వు రోజూ చూస్తున్నదే. గీయడానికి కూర్చోగానే మాత్రం నీ చెయ్యి ముందు ఒక ఆడమనిషిని గీసి, తరవాత ఒక బిందె గీసి, రెండిటినీ పక్కపక్కన పెట్టింది. కొత్తగా వేసేవాళ్లందరికీ ఇలాగే అవుతుంది. నీ క్రమం తిరగెయ్యి. తల నుంచి, బరువు మోస్తున్న పాదం దాకా ఒకే గీత లాగు. అది వంకరగా ఉంటుంది, ఉండనీ. దాని మీద భుజాల వాలు ఒక అడ్డగీత, తుంటి వాలు ఇంకో అడ్డగీత. ఈ రెండూ ఒకే వైపుకి వాలాయంటే దాదాపుగా ఎక్కడో తప్పు ఉన్నట్టు. ఆ తరవాత కాళ్లు, చేతులు. చీర, గాజులు అన్నిటికన్నా చివర. అవి నీకు బాగా వచ్చు కాబట్టే వాటితో మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆగు.

కొలతల గురించి క్లుప్తంగా చెబుతాను. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, అంటే తల ఎత్తుకి ఏడున్నర రెట్లు. ఏడాది పిల్లాడు నాలుగు తలలు. మనిషి ఎత్తులో సగం బొడ్డు దగ్గర రాదు, ఇంకా కిందికి, కాళ్లు మొదలయ్యే చోట వస్తుంది. కళ్లు తలకి సరిగ్గా సగంలో ఉంటాయి. నువ్వు బాగా పైకి పెట్టావు, పుర్రెకీ జుట్టుకీ చోటు లేకుండా పోయింది. చేతులు మరీ చిన్నవి వేశావు. వేళ్లతో సహా నీ అరచెయ్యి మొహానికి ఆనించి చూడు, గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే దాకా వస్తుంది.

మన శిల్పులకి కూడా ఇలాంటి లెక్క ఉంది. పన్నెండు అంగుళాలు ఒక తాళం, నవతాళ ప్రతిమ అంటే తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. ఈ అంగుళం ఇంచీ కాదు, ప్రతిమ సైజుని బట్టి మారే కొలత. దేవుళ్ల రూపాలకి ఆ లెక్క తరాల నుంచి నడుస్తోంది. చేర్యాల నకాశీ చిత్రకారులు బట్ట మీద ఎర్రటి నేపథ్యంలో పురాణ పాత్రల్ని వేస్తారు. ఎదురుగా ఎవరినీ నిలబెట్టుకోరు, ఆ రూపాలు ఇంట్లో నేర్చుకున్న చేతిలో ఉంటాయి. అదీ జ్ఞాపకమే, గొప్ప జ్ఞాపకం. కానీ మీ వీధి కుళాయి దగ్గరి మనిషికి అలాంటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. ఆమెని నువ్వే చూసి తెచ్చుకోవాలి.

పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే ఉపాధ్యాయుడు ఈ పనినే చదువుగా చేశాడు. శిల్పి రోడాన్ ఆయన శిష్యుడే. సులువైన రూపాలతో మొదలుపెట్టించి, చూసినదాన్ని తరవాత చూడకుండా గీయించేవాడు. ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. బస్టాండుకో రైతుబజారుకో వెళ్లు. పుస్తకం సంచిలోనే ఉండనీ. ఒక్క మనిషిని ఎంచుకో. బరువు ఏ కాలి మీద ఉంది, తల ఎటు తిరిగింది, చేతులు ఏం చేస్తున్నాయి, ఈ మూడూ మనసులో మాటలుగా చెప్పుకో. వెనక్కి తిరిగి వెంటనే గియ్యి. కొన్నాళ్లకి గంట ఆగి గియ్యి. ఆ తరవాత మర్నాడు గియ్యి. గీశాక మళ్లీ వెళ్లి అలాంటి మనిషినే చూసి, ఎక్కడ తేడా వచ్చిందో ఎర్ర పెన్సిల్‌తో అదే బొమ్మ మీద దిద్దు. రబ్బరు వాడకు. సాధన అంటే ఈ దిద్దడమే. దిద్దకుండా వంద బొమ్మలు వేసినా అదే కొయ్యబొమ్మ వందసార్లు వస్తుంది.

ఇంకో పని కూడా చెయ్యి. బిందె నిండా నీళ్లు పట్టి నువ్వే చంకన పెట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడువు. తుంటి ఎక్కడ నొక్కుకుందో, ఏ మడమ మీద భారం పడిందో నీ ఒంటికి తెలుస్తుంది. కంటితో చూసింది మర్చిపోయినా ఒంటికి తెలిసింది అంత తొందరగా పోదు.

ఒక మాట చెబితే నొచ్చుకోకు. నీ బొమ్మలో కళ్లూ జడా బాపుగారివి. తెలుగువాళ్లం ఆడపిల్ల బొమ్మ వెయ్యబోతే చెయ్యి అటే పోతుంది, అంత ప్రేమ ఆ గీత అంటే. నాకూ ప్రేమే. కానీ అలా వేస్తే వచ్చేది బాపుగారు చూసిన మనిషి. మీ కుళాయి దగ్గరి మనిషిని ఆయన చూడలేదు, నువ్వు చూశావు.

రాతనీ గీతనీ కలిపి నడిపిన అడివి బాపిరాజుగారు మనకున్నారు. ఆయనా, చిత్రకారుడు దామెర్ల రామారావుగారూ రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో ఎదిగినవాళ్లు. రామారావుగారు ముప్పై నిండకుండానే 1925లో పోయారు. రాజమండ్రిలో ఆయన పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్లు. రంగుల సంగతి తరవాత, ఆ బొమ్మల్లో మనుషులు దేని మీద బరువు వేసి నిలబడ్డారో, కూర్చున్నారో అదొక్కటే చూసుకుంటూ రా.

నీ కథలో "ఆమె ఎంతో అలసటగా నడిచి వస్తోంది" అని రాశావు. బిందె మోసి వచ్చాక ఆ వాక్యం మళ్లీ చదువు. ఆ తుంటి, ఊగే ఆ చెయ్యి రాస్తే "ఎంతో అలసటగా" కొట్టెయ్యొచ్చు.

ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోవచ్చా అని అడిగావు. గియ్యకముందు వద్దు, గీశాక సరిచూసుకోవడానికైతే తప్పులేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లని అడగకుండా మాత్రం తీయకు. ఇంట్లో ఎవరినైనా బిందె పట్టుకుని నడవమని వీడియో తీసుకో. వేసిన బొమ్మ, దాని మీద ఎర్ర పెన్సిల్ దిద్దుళ్లు కనపడేలా పంపు. శుభ్రంగా మళ్లీ వేసిన కాపీ వద్దు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య