పాప అరబిక్ గడగడా చదువుతోంది, అర్థం మాత్రం తెలీదంటోంది

ప్రశ్న: మేడమ్, మా పాపకి ఆరేళ్లు. ఇంట్లో నాది తెలుగు, మా ఆయనా అత్తయ్యా ఉర్దూ మాట్లాడతారు, స్కూల్లో ఇంగ్లీషూ అరబిక్కూ. అరబిక్ పాఠం గడగడా చదివేస్తుంది కానీ ఇదేంటమ్మా అంటే తెల్లమొహం వేస్తుంది. ఇన్ని భాషలైతే కష్టం, ఇంట్లో తెలుగు మానేయండి అని స్కూల్లో ఒకరు అన్నారు. నాకేమో అరబిక్ ఒక్క ముక్క రాదు. ఏం చెయ్యను?

జవాబు: ముందు తెలుగు సంగతి తేల్చేద్దాం, మానేయకండి. కథలో తర్వాత ఏమవుతుందో ఊహించడం, ఎందుకూ అని అడగడం, విన్నది తిరిగి వరసగా చెప్పడం, ఇవన్నీ ఒక భాషలో వచ్చేస్తే రెండో భాషకి మళ్లీ మొదట్నుంచి నేర్పక్కర్లేదు, జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979లోనే ఈ సంగతి వివరంగా రాశాడు. మీకు సరిగ్గా రాని భాషలో మీరు ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి ఊరుకుంటే పాపకి ఆ భాషా రాదు, అమ్మతో కబుర్లూ పోతాయి.

ఇక గడగడా చదవడం. చిన్నపిల్లల అరబిక్ పుస్తకాల్లో అక్షరం మీదా కిందా హరకత్ గుర్తులు పెడతారు కదా, అది మన గుణింతం లాంటిదే అనుకోండి, ఫత్హా ఉంటే క, కస్రా ఉంటే కి, దమ్మా ఉంటే కు. 28 అక్షరాలు, పదంలో ఎక్కడొస్తే దానికి తగ్గట్టు మారే వాటి ఆకారాలు, తర్వాతొచ్చే అక్షరంతో కలవని ఆరు మొండి అక్షరాలు, ఇవి పట్టుబడితే అర్థం తెలీకపోయినా చదివేయొచ్చు. మీ పాప ఆ మెట్టు ఎక్కేసింది, తిట్టకండి పాపం!

అర్థం వచ్చే దారి వేరే. మోనిక్ సెనెషల్, జో-ఆన్ లెఫెవ్ర్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2002లో రాసిందేంటంటే, ఇంట్లో అక్షరాలు నేర్పితే తొలి చదువు బాగుంటుంది, కథల పుస్తకాలు చదివి వినిపిస్తే మాటలు పెరుగుతాయి, ఒకటి చేస్తే రెండోది దానంతటదే వచ్చేయదు. మనిళ్లల్లో మొదటిది దంచేస్తాం, రెండోదానికి టైమ్ లేదంటాం.

ఇంకోటి, అరబ్బుల పిల్లలకి కూడా పుస్తకంలో ఉండే ఫుస్హా ఇంట్లో మాట్లాడే అరబిక్ కాదు. మనకి గ్రాంథికం, వాడుక భాష గొడవ ఎప్పుడో సద్దుమణిగింది, వాళ్లకి ఇప్పటికీ బళ్లో ఒకటి ఇంట్లో ఒకటి. డీనా ఫైటెల్సన్ బృందం 1993లో అచ్చేసిన పరిశోధనలో, బడికి రాకముందే ఫుస్హాలో కథలు విన్న అరబ్ పిల్లలు విన్నది అర్థం చేసుకోవడంలో, బొమ్మలు చూసి కథ చెప్పడంలో మిగతావాళ్ల కంటే ముందున్నారు. కాబట్టి మీరు చేయాల్సింది రోజూ ఓ పది నిమిషాలు బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని ఫుస్హా ఆడియో కథ ఇద్దరూ కలిసి వినడం, తర్వాత అదే కథ పాప మీకు తెలుగులో చెప్పాలి, మీకు రాదు కాబట్టి నిజంగానే అడుగుతారు, తను టీచరమ్మ అయిపోతుంది. అదే కథ నాలుగు రోజులు విన్నా ఫరవాలేదు, పిల్లలకి విసుగు రాదు, మనకే వస్తుంది.

అత్తయ్యగారిని వదులుకోకండి. కితాబ్, వక్త్, దునియా లాంటివి ఉర్దూలోకి అరబిక్ నుంచి వచ్చినవే, మన కలం, కుర్చీ, తారీఖు కూడా, ఆమాటకొస్తే పైన నేను రాసిన జవాబు కూడా అక్కడిదే! పాపతో ఇలాంటివి వెతికించండి, ఆటలా ఉంటుంది. కాకపోతే రెండు చోట్ల తికమక వస్తుంది. నానమ్మ జబర్, జేర్, పేష్ అంటే టీచర్ ఫత్హా, కస్రా, దమ్మా అంటుంది, రెండూ ఒకటేనని పాపకి ఎవరో ఒకరు చెప్పాలి. ఉర్దూలో సే, సీన్, స్వాద్ అనే అక్షరాలు మూడూ స లాగే పలుకుతారు, అరబిక్‌లో మూడు వేర్వేరు శబ్దాలు, అది మాత్రం టీచర్ నోట విననివ్వండి, నానమ్మని పాప ముందు తప్పు పట్టొద్దు.

ప్రశ్న: మా బాబు మూడో క్లాసు. హరకత్ ఉంటే చదువుతాడు, లేని పుస్తకం ఇస్తే ఆగిపోతాడు. వెనకబడ్డాడా?

జవాబు: లేదండీ. గుర్తులు తీసేస్తే క, త, బ అనే మూడక్షరాలే మిగుల్తాయి, అది కతబ (రాశాడు) కావచ్చు, కుతిబ (రాయబడింది) కావచ్చు, కుతుబ్ (పుస్తకాలు) కావచ్చు, వాక్యం తెలిస్తేనే ఏదో తేలుతుంది. మాట ముందే చెవిన పడి ఉండాలి. హరకత్ ఉన్న పేజీ బాగా చదివించి, కథ నోటికి వచ్చాక అదే కథ గుర్తుల్లేకుండా ఇచ్చి చూడండి, కొత్త పాఠంతో మొదలుపెట్టొద్దు.